మాట తప్పని బాణీ

హాంకాంగ్ క్రైస్తవుల మధ్య ఒక పాత హాస్యం తిరుగుతూ ఉంటుంది. కాంటనీస్ భాషలో ప్రభువును 'జ్యూ' అంటారు. గొంతును కింది నుంచి పైకి లాగుతూ అనాలి. అదే 'జ్యూ'ని లాగకుండా మొదటి నుంచీ పైస్థాయిలోనే నిలిపి అన్నారో, అది పంది. పడమటి దేశాల బాణీలకు కాంటనీస్ మాటలు అతికించి కీర్తనలు కట్టినప్పుడు ఈ సంగతి బాణీకి తెలియదు కదా. కళ్లు మూసుకుని, చేతులు జోడించి ప్రభువును పిలుస్తున్న భక్తుల నోట వినబడేది పంది. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ భాషలో పాట కట్టేవాడి తిప్పలన్నీ ఈ ఒక్క అక్షరంలో ఉన్నాయి.

ఆ తిప్పల్లోంచే తన శైలిని పిండుకున్న మనిషి శామ్ హుయ్. పుట్టింది 1948లో, గ్వాంగ్‌జౌలో. 1950లో కుటుంబం హాంకాంగ్ చేరింది. 'పాటల దేవుడు' అనే బిరుదు హాంకాంగ్ ముందుగా ఇచ్చింది ఆయనకే. వీధిలో జనం మాత్రం 'ఆ శామ్' అంటారు. మనం పేరు చివర 'అన్న' తగిలిస్తాం, వాళ్లు పేరు ముందు 'ఆ' తగిలిస్తారు. చనువు ఒకటే.

ఆయన పాట ఎందుకు గొప్పదో చెప్పాలంటే ముందు ఆ భాష గొంతు ఎలా పనిచేస్తుందో చూడాలి. తెలుగులో 'వస్తావా' అన్న మాటను ఎత్తి పలికినా దించి పలికినా మాట అదే. కోపమో బుజ్జగింపో మారుతుంది, అంతే. కాంటనీస్‌లో మాటే మారిపోతుంది. 'సీ' అనే అక్షరం తీసుకోండి. పైస్థాయిలో నిలిపితే కవిత. పైకి లాగితే చరిత్ర. మధ్యలో నిలిపితే ప్రయత్నం. అడుగుకు జార్చితే కాలం. కింది నుంచి మధ్యకు లేపితే సంత. కాస్త కిందనే నిలిపితే వ్యవహారం. ఒకే 'సీ'కి ఆరు స్థాయులు, ఆరు మాటలు.

ఇప్పుడు దీనికి బాణీ వచ్చి పడుతుంది. బాణీకి తన ఎత్తుపల్లాలు తనకున్నాయి. పైన ఉండాల్సిన మాటను బాణీ కిందికి లాగితే కవిత కాలమవుతుంది, కింది నుంచి లేవాల్సిన మాటను పైనే నిలిపితే ప్రభువు పందవుతాడు. చైనా ప్రధాన భాష మాండరిన్‌లోనూ ఈ స్థాయులున్నాయి. కానీ మాండరిన్ సినిమా పాటల్లో, ఆధునిక పాటల్లో బాణీదే పెత్తనం. మాట స్థాయి పోయినా వినేవాళ్లు సందర్భాన్ని బట్టి సరిపెట్టుకుంటారు. కాంటనీస్ శ్రోత సరిపెట్టుకోడు. తప్పు పడితే చెవిలో రాయి పడ్డట్టే.

పైగా అక్కడ ఆచారం బాణీ ముందు, మాట తర్వాత. ఈ పనిని వాళ్లు 'మాట నింపడం' అంటారు. మన సినిమా కవులకు ఇది కొత్త కాదు. సంగీత దర్శకుడు 'తననన' అని బాణీ ఇస్తాడు, కవి గురువులూ లఘువులూ ఎక్కడ పడుతున్నాయో చూసుకుని మాట పెడతాడు. మనకు పొడుగు, పొట్టి చూసుకుంటే పని అయిపోతుంది. కాంటనీస్ కవి వాటితోపాటు ఎత్తు కూడా చూసుకోవాలి. రెండు పక్కలా గోడలున్న సందులో ఎడ్లబండి తోలడం లాంటిది.

ఈ లెక్క కోసం వాళ్ల దగ్గర ఒక ముచ్చటైన చిట్కా ఉంది. కాంటనీస్‌లో మూడు 'సామ్', నాలుగు 'సెయ్', రెండు 'యీ', సున్నా 'లింగ్'. ఈ నాలుగు అంకెలనూ ఇదే వరసలో పలికితే గొంతు దానంతటదే మెట్టు మెట్టుగా దిగుతుంది. సామ్ పైమెట్టు, లింగ్ అడుగుమెట్టు. కవి బాణీని ఈ అంకెలతో కూనిరాగం తీసుకుంటాడు. ఎక్కడ సామ్ వచ్చిందో అక్కడ పైస్థాయి మాట, ఎక్కడ లింగ్ వచ్చిందో అక్కడ అడుగు మాట వెతుక్కుంటాడు. ఆరు స్థాయులు నాలుగెలా అయ్యాయంటారా? కింది నుంచి లేచే స్థాయులు రెండూ ఎక్కడ ఆగుతాయో ఆ మెట్టు లెక్కలోకే వెళ్తాయి. మిగిలిన ఆ చిన్న లాగుడు గాయకుడి బాధ్యత. స్వరం మీదికి నేరుగా దూకకుండా కింది నుంచి పాకి చేరాలి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు జారు గమకం గుర్తొస్తుంది. ఇక్కడ అది అలంకారం మాత్రం కాదు, అక్షర దోషం రాకుండా కాపాడే కంచె. ప్రభువుకూ పందికీ మధ్య ఉన్నది ఆ పాకుడే.

దీని పర్యవసానం ఒకటి చెప్తాను. 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అన్నదానికి కాంటనీస్‌లో మూడక్షరాలు: 'ఙో ఓయ్ నెయ్'. మూడూ దాదాపు ఒకే మెట్టు మీద ఉంటాయి. అంటే ప్రపంచంలోని ప్రేమపాటలన్నీ ఏ మాట దగ్గర ఆకాశానికి ఎగురుతాయో, సరిగ్గా ఆ మాట దగ్గర కాంటనీస్ బాణీ చాప మీద కూర్చున్నట్టు చదునుగా ఉండాలి. ఎగరాలంటే వేరే మాట వెతకాలి. అలా వెతకడంలోనే ఆ కవుల పదసంపద పెరిగిందని నాకనిపిస్తుంది. దగ్గరి మాట బాణీకి ఒదగదు, పుస్తకం మాట ఒదగదు, చివరికి చేపల బజారులో వినిపించే మాటేదో చక్కగా కూర్చుంటుంది.

శామ్ ఇంట్లో సంగీతం ఉంది. తల్లిదండ్రులకు కాంటనీస్ సంగీత నాటకమంటే ప్రాణం, తండ్రి తంత్రీవాద్యం వాయించేవారు. కాపురం మొదట డైమండ్ హిల్ ప్రాంతంలో, తర్వాత సో ఉక్ ప్రభుత్వ గృహ సముదాయంలో. అన్నదమ్ముల్లో మైకేల్, రికీ కూడా తర్వాత తెరకెక్కారు. కానీ 1960ల హాంకాంగ్ కుర్రాళ్లకు గిటారు, ఇంగ్లీషు పాటే ఫ్యాషను. శామ్ 'ది లోటస్' అనే బృందంలో ఇంగ్లీషులోనే పాడారు. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివి, 1971లో పట్టా పుచ్చుకున్నారు. కాంటనీస్ పాట అంటే అప్పటికి ముసలివాళ్ల నాటకం పాట, లేదంటే ఇంగ్లీషు బాణీకి అల్లరి మాటలు తగిలించిన హాస్యపు పాట. చదువుకున్నవాళ్లు ఇంగ్లీషు వింటారు, మిగతావాళ్లు తైవాన్ నుంచి వచ్చే మాండరిన్ పాటలు వింటారు. సొంత భాషలో గంభీరమైన కొత్త పాట ఉండొచ్చన్న ఊహే పెద్దగా లేదు.

అలాంటి రోజుల్లో మైకేల్, శామ్ కలిసి టీవీలో ఒక హాస్య కార్యక్రమం నడిపేవారు. 1972లో దానిలో శామ్ ఒక కాంటనీస్ పాట పాడారు. మాటలు మైకేల్‌వి, బాణీ శామ్‌ది. ఈఫిల్ టవర్, ఫుజి కొండ, అమెరికా స్వేచ్ఛా విగ్రహం అన్నీ చూసొచ్చిన మనిషికి చివరికి సొంత ఊరి తీరంలో జాలరి పడవల దీపాలే నచ్చుతాయి. పాటలో గొడవ లేదు, హాస్యం లేదు. నాటకపు సాగదీత లేదు. ఒక కుర్రాడు గిటారు పట్టుకుని తన భాషలో మామూలుగా పాడాడు. అంతే. ఆ 'అంతే' చాలా పెద్దది.

రెండేళ్లు తిరిగేసరికి 1974 వచ్చింది. ఆ ఏడాది చాలా ఒక్కసారిగా జరిగాయి. అప్పటిదాకా ఇంగ్లీషు ఒక్కటే అధికార భాషగా ఉన్న ఆ బ్రిటిష్ వలసలో చైనీస్‌కూ ఆ హోదా చట్టబద్ధంగా వచ్చింది. జోసెఫ్ కూ బాణీ కట్టిన టీవీ సీరియల్ పాటతో కాంటనీస్ పాట ప్రతి ఇంటి ముందుగదిలోకి అడుగుపెట్టింది. మైకేల్ దర్శకత్వంలో అన్నదమ్ముల జూదగాళ్ల సినిమా వచ్చి వసూళ్లు దున్నేసింది. దాని పాటలన్నీ శామ్‌వి. కాంటనీస్ సినిమా అప్పటికి ఒకటి రెండేళ్ల కిందటే దాదాపు మూతపడి ఉంది.

ఇక 1976లో వచ్చిన సినిమా, పాట. రెంటికీ పేరొకటే: 'అర క్యాటీ, ఎనిమిది టేల్‌లు'. పాత తూకంలో ఒక క్యాటీకి పదహారు టేల్‌లు. అర క్యాటీ అన్నా ఎనిమిది టేల్‌లన్నా బరువొకటే. దానికి మన మాట సిద్ధంగా ఉంది: దొందూ దొందే. సినిమాలో మైకేల్ పిసినారి డిటెక్టివ్, శామ్ ఆయన దగ్గర చేరిన కుర్రాడు, రికీ అమాయకపు సహాయకుడు. వంటగది పోట్లాటలో సాసేజ్‌ల దండను ఆయుధంలా తిప్పే సన్నివేశం ఇప్పటికీ నవ్విస్తుంది. పాటేమో చాలీచాలని జీతగాళ్ల గోడు: ఒళ్లు హూనమయ్యే తిరుగుడు, యజమాని చీవాట్లు, జీతం పెంచమని అడిగితే ఎదురయ్యే ముఖం. ఏడుపుపాట అవ్వాల్సిన సరుకును శామ్ రాక్ అండ్ రోల్ దరువు మీద చిందులేయించారు. 'డా గుంగ్ జై', అంటే కూలి చేసుకునే కుర్రాడు, అన్న మాటను హాంకాంగ్ ఉద్యోగి తన గురించి తాను గర్వంగా, వెటకారంగా చెప్పుకునేలా చేసిన పాట ఇదే. మనస్తత్వశాస్త్రం పట్టా ఉన్నవాడు జీతగాడి గోడు పాడటంలో కాస్త వేషం లేదా అంటే, ఉంది. కానీ చెవికి అబద్ధం తగలదు. ఎందుకంటే ఆ మాటలు నిజంగా బస్టాపులో వినిపించేవే, ఆ ఎత్తుపల్లాలూ అక్కడివే. బాణీ ఆగిపోయి మాటలు మిగిలినా వాక్యం అలాగే వినిపిస్తుంది. రాగం తీసేస్తే సంభాషణ, సంభాషణ కాస్త సాగదీస్తే రాగం.

ఇక్కడ తెలుగువాడికి బాగా తెలిసిన గొడవొకటి ఉంది. మనకు గ్రాంథికం, వ్యావహారికం అని ఎంత కొట్లాట జరిగిందో గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు వింటే చాలు గుర్తొస్తుంది. హాంకాంగ్‌లో ఆ తేడా ఇంకా లోతు. అక్కడ బడిలో రాసే భాష ఒకటి, ఇంట్లో మాట్లాడే భాష వేరొకటి. 'అవును' అనడానికి పుస్తకంలో 'సీ', నోట్లో 'హాయ్'. 'కాదు'కు పుస్తకంలో 'బత్', నోట్లో 'మ్' అని ఒక్క పెదవుల చప్పుడు. వేలాది కాంటనీస్ ప్రేమపాటలు పుస్తకపు మాటలనే కాంటనీస్ ఉచ్చారణలో పాడతాయి. శామ్ వీధి పాటల్లో మాత్రం ఆ 'మ్' ధైర్యంగా వినిపిస్తుంది. మధ్యలో ఇంగ్లీషు ముక్కలూ దొర్లుతాయి. ఇలా ప్రాచీన భాష, పుస్తక భాష, వీధి భాష కలిపి రాసే పద్ధతికి అక్కడి పత్రికల్లో ఒక పేరుంది: 'సామ్ కప్ దై'. పంది మాంసం, కాలేయం వంటివి కలగలిపి కాచే గంజికి కూడా 'కప్ దై' అనే పేరు. గంజి పేరే ఎక్కువ నప్పిందని నా అభిప్రాయం.

ఆయన ఎప్పుడూ వీధిలోనే ఉన్నారనుకోవద్దు. జీవితం, విధి, మౌనం గురించి పాడేటప్పుడు నున్నని పుస్తక భాషకు మారిపోతారు. 1988 నాటి 'మౌనమే బంగారం' పాటకు బాణీ మరో గాయకుడు లెస్లీ చెయుంగ్‌ది, మాటలు శామ్‌వి. పాత సామెతల పొందిక దానిలో కనిపిస్తుంది. సరుకును బట్టి సంచీ మార్చడం ఆయనకు తెలుసు. అన్నీ నచ్చుతాయనీ అనను. విద్యార్థులను బాగా చదువుకోమని చెప్పే పాట ఒకటుంది. అది నాకు హెడ్మాస్టరు గారి ప్రార్థన సమావేశంలా ఉంటుంది. ధరల పెరుగుదల మీద 'రాక్ అరౌండ్ ద క్లాక్' బాణీకి కట్టిన పాట మాత్రం ఇప్పుడు విన్నా కొత్తగానే ఉంది. ధరలు ఆ సౌకర్యం కలిగిస్తూనే ఉంటాయి కదా.

గొంతు సంగతి కూడా చెప్పాలి. ఆయనది భారీ గొంతు కాదు. అదే కాలపు గాయకుడు రోమన్ టామ్ గొంతు విప్పితే హాలు నిండిపోతుంది. శామ్ గొంతు పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది. నాటక సంప్రదాయం గాయకుడిని కోరేది రెండు: అక్షరం సూటిగా, రాగం గుండ్రంగా. శామ్ రెండోదాన్ని తగ్గించి మొదటిదాన్ని పెంచారు. ఎంత వేగమైన దరువులోనూ ఒక్క అక్షరం నలగదు. కొత్తగా కాంటనీస్ నేర్చుకునేవాడికి ఆయన పాట పెట్టొచ్చు, స్థాయులు తప్పుగా వంటబట్టవు.

1983లో హుంగ్ హోమ్‌లో పన్నెండు వేల మందికి పైగా పట్టే హాంకాంగ్ కొలీజియం తెరిచినప్పుడు అక్కడ మొదటి పాట కచేరీ ఆయనదే. తర్వాత ఆ వేదిక ఎక్కితేనే గాయకుడు గాయకుడైనట్టు. 1980లలో 'ఏసెస్ గో ప్లేసెస్' సినిమాలు, 1990లో 'స్వోర్డ్స్‌మన్'. 1992లో వీడ్కోలు కచేరీలతో తప్పుకున్నారు. 2003లో హాంకాంగ్ మీద సార్స్ అంటువ్యాధి విరుచుకుపడింది, దాదాపు మూడు వందల మంది పోయారు. అదే ఏడు ఏప్రిల్‌లో లెస్లీ చెయుంగ్, డిసెంబరులో గాయని అనితా మూయ్ వెళ్లిపోయారు. 2004లో శామ్ మళ్లీ వేదికెక్కారు. ఆ కచేరీల పేరు 'నవ్వుతూనే ఉండండి'.

ఆయన తర్వాతి కచేరీల్లో ఒకటి నేనూ చూశాను. 2020 ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం. ఇక్కడ లాక్‌డౌన్, మధ్యాహ్నం రెండున్నర, చేతిలో ఫోను. అక్కడ సాయంత్రం ఐదు. చిమ్ షా చూయ్ రేవులో హార్బర్ సిటీ భవనం మీద డెబ్బై ఒక్కేళ్ల మనిషి గిటారు పట్టుకుని పాడుతున్నారు. ఎదురుగా జనం లేరు. వెనక సముద్రం, అవతలి ఒడ్డున భవనాలు. కచేరీకి పెట్టుకున్న పేరు 1990 నాటి ఆయన పాటదే, ఒకే పడవలో ఉన్నాం, కలిసి దాటుదాం అని అర్థం. ఆ రోజుల్లో 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్తుందన్న భయంతో జనం విమానాలెక్కి వెళ్లిపోతుంటే రాసిన పాట. లక్షల మంది చూశారు. భాష రాని నాకు అర్థమయింది తక్కువే. కానీ ఒక్కో మాట చివర ఆయన గొంతు కింది నుంచి పాకి స్వరాన్ని అందుకోవడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

ఆ తూకం సంగతి ఒకటి మిగిలిపోయింది. చైనా ప్రధాన భూభాగంలో 1959లో తూకాలు మార్చారు. అక్కడిప్పుడు క్యాటీకి పది టేల్‌లే. అర క్యాటీ అంటే అయిదు. హాంకాంగ్ కూరగాయల బజారులో ఈ రోజుకీ క్యాటీకి పదహారు. అక్కడ అర క్యాటీ తూచమంటే ఇప్పటికీ ఎనిమిది టేల్‌లే తూగుతుంది.