మెరుపు కాదు, ముద్ర చూడాలి

1969 షెవ్రొలే కెమారో జెడ్/28 అని చెప్పి అమ్మజూపే పాత బండికి రంగు వెలిసినా, సీట్లు చిరిగినా, ఇంజిన్ విడిగా షెడ్డు మూలన పడి ఉన్నా అనుభవజ్ఞుడు కంగారుపడడు. అవన్నీ డబ్బుతో బాగయ్యేవే. డబ్బుకు దొరకనిది ఒక్కటే: ఆ ఇంజిన్ ఆ బాడీతోనే పుట్టిందన్న రుజువు.

డ్యాష్‌బోర్డు మీది చాసిస్ నంబర్‌లో మొదటి అంకెలు 124 అయితే వి8 కెమారో అని అర్థం. ‘ఎన్’ ఉంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీది. అది జెడ్/28 అనే ప్రత్యేక రకం అవునో కాదో మాత్రం ఆ నంబర్ చెప్పదు. అందుకే మామూలు వి8కి చారలు వేసి, బ్యాడ్జీ అంటించి అమ్మేవాళ్లకు అంత ధైర్యం. అమెరికాలో అమ్మిన షెవ్రొలేలకు ఫ్యాక్టరీ రికార్డులు దొరకవు.

కాబట్టి సాక్ష్యం ఇనుములోనే వెతకాలి. కుడి సిలిండర్ హెడ్‌కు ముందు, ఇంజిన్ బ్లాక్ మీద బొటనవేలంత వెడల్పున చదునైన చోటు ఉంటుంది. ఉదాహరణకు అక్కడ ‘వి0325డిజెడ్’ అని ఉందనుకోండి. ఫ్లింట్ ఇంజిన్ ఫ్యాక్టరీ, మార్చి 25, జెడ్/28కే బిగించిన 302 ఘనపు అంగుళాల ఇంజిన్ అని చదువుకోవాలి. ఆ పక్కనే, లేదా కొన్ని బండ్లలో ఆయిల్ ఫిల్టర్ దగ్గర, చాసిస్ నంబర్‌లోని చివరి భాగం ఉండాలి. మొదటిది ఇంజిన్ ఫ్యాక్టరీలో కొట్టిన ముద్ర, రెండోది బండి కూర్చిన చోట కొట్టింది. అందుకే అసలు బండిలో ఈ రెండు వరసల అక్షరాల తీరు, లోతు సాధారణంగా ఒకేలా ఉండవు. రెండూ మరీ పొందికగా ఉన్నాయంటే నాకైతే అనుమానమే.

అంకెల కన్నా వాటి కింది నేల ఇంకా ముఖ్యం. ఆ చదునైన చోటుతో కలిపి బ్లాక్ పైతలాన్ని ఫ్యాక్టరీలో బ్రోచింగ్ మిషన్ ఒక్క ఊపున చెక్కుతుంది. దాంతో ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు మిగులుతాయి. లైటు ఏటవాలుగా పట్టి చూస్తే ఆ గీతలు అంకెల మధ్య నుంచి ఎక్కడా తెగకుండా సాగాలి. తలం నున్నగా ఉంటే ఎవరో తర్వాత మిషనింగ్ చేయించారన్నమాట. అది మోసమే కానక్కర్లేదు, మామూలు రిపేరూ కావచ్చు. కానీ రుజువు చెరిగిపోయినట్టే.

తర్వాత తేదీల వరస చూడాలి. బ్లాక్ వెనక అంచున పోతలో ‘సి 13 9’ అంటే 1969 మార్చి 13. పోత పోశాకే ఇంజిన్ బిగింపు, ఆ తర్వాతే బాడీ. ఫైర్‌వాల్ మీది రేకు ‘04ఎ’ (అంటే ఏప్రిల్ మొదటి వారం) అని చెబితే కథ కుదిరినట్టే. ఆ రేకులకూ నకళ్లు వస్తున్నాయి గనుక, హీటర్ పెట్టె విప్పి దాని వెనక దాగిన చాసిస్ నంబర్ భాగం కూడా సరిచూడాలి.

తుప్పు సంగతి చివరికి వదిలేయొచ్చు. వెనక అద్దం గాడి, డిక్కీ అడుగు, కౌల్ (ముందు అద్దం కింది భాగం) చూస్తే చాలు. నిజమైన ముద్రలున్న తుప్పు బండికే నా ఓటు, తళతళలాడే అనుమానపు బండికి కాదు.

మీరే చూడబోతుంటే ముద్రలున్న ఆ తలం మీది జిడ్డును కాస్త కిరోసిన్‌తో, మెత్తటి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం, వైరు బ్రష్ మాత్రం తగలనివ్వకండి.