రెంటచింతల రోడ్డు మీద ఆకాశం

వేసవి వచ్చిందంటే పేపర్లో ఉష్ణోగ్రతల పట్టికలో రెంటచింతల పేరు తరచూ పైవరసలో ఉంటుంది. మాచర్ల, గురజాల మధ్య ఉన్న ఆ ఊరి ఎండను తిట్టుకోని వాళ్లుండరు. పల్నాట భౌతికశాస్త్రం చెప్పే నాబోటి వాడికి మాత్రం కాంతి పాఠానికి కావలసిన సరంజామా అంతా ఆ ఎండే సమకూరుస్తుంది.

ఒంటిపూట బడులు మొదలయ్యాక, పదకొండు గంటల వేళ పదో తరగతి పిల్లల్ని బండ్లు పెద్దగా తిరగని తారు రోడ్డు దగ్గరికి తీసుకెళ్తాను. తలకు తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా తప్పనిసరి. దూరాన రోడ్డు తడిసినట్టు మెరుస్తుంటుంది. అదేమిటంటే "ఎండమావి సార్, ఉత్త భ్రమ" అంటారు. ఆ మాట దగ్గరే నా పాఠం మొదలు. భ్రమైతే ఫోన్లో ఫొటో పడకూడదు కదా! తీసి చూపిస్తాను. పడుతుంది. అక్కడ కనిపించేది నిజమైన వెలుగే, ఆకాశం నుంచి వచ్చిందే. నీళ్లని అనుకోవడం మాత్రమే మనది.

దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అని రాసి, గాలిని పొరలుగా గీసి చూపించడం బళ్లో అలవాటు. మార్కులకు అది చాలు. తరంగంతో చెబితే గానీ నాకు తృప్తి ఉండదు. కాంతి శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోతుంది. గాలిలో ఆ వేగం కాస్త తగ్గుతుంది, గాలి చిక్కనయ్యే కొద్దీ ఇంకాస్త. కాలుతున్న తారును ఆనుకున్న గాలి పలచబడుతుంది. పై గాలి కంటే అది 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, అందులో కాంతి సెకనుకు నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ పోతుంది. మూడు లక్షల్లో నాలుగైదు! ఆ తేడాకే, నేలను రాసుకుంటున్నట్టు వాలుగా వచ్చే తరంగంలో కింది కొస ముందుకు పోయి పై కొస వెనకబడుతుంది. ఎడ్ల పందేలు చూసి పెరిగిన పిల్లలకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కాడి కింద ఒక ఎద్దు వేగం అందుకుంటే జత నెమ్మదైన ఎద్దు వైపు తిరుగుతుంది. తరంగమూ అలాగే నెమ్మది వైపుకు, అంటే పైకి, మళ్లి మన కంట్లో పడుతుంది.

రోడ్డుకు డిగ్రీలో మూడో వంతు లోపు వాలుతో వచ్చే కాంతే ఇలా మళ్లగలదు. అందుకే ఎండమావి మన కాళ్ల దగ్గర ఎన్నడూ ఉండదు. కన్ను 1.2 మీటర్ల ఎత్తున ఉంటే అది 200 మీటర్ల అవతలే మొదలవుతుంది. మనం నడిస్తే తానూ అంత దూరమూ జరుగుతుంది. అయితే గొంతుక్కూర్చుని కన్ను సగం ఎత్తుకు దించితే ఆ దూరమూ సగానికి తగ్గుతుంది. పిల్లలు లేస్తూ కూర్చుంటూ ఇది తేల్చుకుంటుంటే నేను నోరు మెదపను. ఏ పటమూ ఇవ్వని నమ్మకం అప్పుడు వాళ్లకు కలుగుతుంది.

1798లో ఈజిప్టు వెళ్లిన నెపోలియన్ సైనికులకు ఎడారిలో లేని చెరువులు కనిపించాయి. వాళ్ల వెంట ఉన్న గణితవేత్త గాస్పార్ మోంజ్, నేల దగ్గర వేడెక్కిన గాలి వల్లే ఇలా జరుగుతోందని వివరించాడు. మన పిల్లలు గొంతుక్కూర్చుని పట్టుకునేది ఆ సంగతినే.

ఇంకొక పరీక్ష ఉంది, నాకిష్టమైనది. పోలరైజ్డ్ కళ్లద్దాలు తీసుకుని, నీళ్లున్నప్పుడు సాగర్ కాలువ గట్టున నిలబడి నీటి మీది మెరుపును వాటిలోంచి చూడండి. అద్దాన్ని తిప్పుతుంటే మెరుపు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. నీటి మీద పడి తిరిగొచ్చే కాంతిలో అడ్డంగా కంపించే భాగమే ఎక్కువ మిగులుతుంది, ఆ అద్దం దాన్ని ఆపగలదు. ఎండమావి కాంతి దేన్నీ తాకదు, గాలిలోనే వంగి వస్తుంది. అద్దం తిప్పినా దాని మెరుపు పెద్దగా మారదు.

పల్నాటి మాస్టర్లకు, తల్లిదండ్రులకు నాదొక మనవి. వేసవి సెలవులిచ్చేలోగా ఒక్క పూట పిల్లల్ని రోడ్డు పక్కకు తీసుకెళ్లి గొంతుక్కూర్చోబెట్టండి. సూర్యుణ్ని మాత్రం నేరుగా చూడనివ్వకండి.