ఆషాఢానికి ఏరుకున్న నవలలు

జ్యేష్ఠం చివరి ఆదివారం. పొద్దున్నే మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కూరలు సర్ది, చేతులు తుడుచుకుని, పుస్తకాల బీరువా తలుపు లాగాను. ఉబ్బిన చెక్క ఒక పట్టాన రాలేదు. వచ్చాక, పాత కాగితం వాసన, పురుగు పట్టకుండా ఎప్పుడో వేసిన ఎండు వేపాకు వాసన కలిసి ముఖానికి తగిలాయి. బయట చిలకలగూడ మీద మబ్బు కమ్ముకుంటోంది. తొమ్మిది నెలలుగా తీయని తలుపు అది.

నవలా, ఆ తొమ్మిది నెలలూ నువ్వు లేకుండా బతికాను.

తీరిక లేకపోయిందని అనను. తీరిక ఉంది, కళ్ళజోడు ఉంది, మంచం పక్కన దీపం ఉంది. అక్షరాలు కనిపించేవి, వాక్యాలు అర్థమయ్యేవి, మనుషులే లేచి నిలబడేవారు కాదు. పేజీ తిప్పేసరికి వెనక పేజీలో ఏడ్చిందెవరో మరిచిపోయేదాన్ని. ఆఖరున పట్టుకున్న పుస్తకంలో నలభై మూడో పేజీ దగ్గర గుర్తుగా పెట్టిన ఎంఎంటీఎస్ టికెట్టు ఇంకా అక్కడే ఉంది: సీతాఫల్‌మండి నుంచి కాచిగూడ. ఫోను తెర మీద మాత్రం రోజూ ఎన్నో చదివాను. వాటిలో ఒక్క మనిషీ నాతో పాటు ఇంటికి రాలేదు, నా కంచం పక్కన కూర్చోలేదు, అర్ధరాత్రి నన్ను లేపి నా సంగతేం చేశావని అడగలేదు. అలాంటి నిద్ర మంచి నిద్రే అనుకున్నాను కొన్నాళ్ళు.

ఆకలి మళ్ళీ ఎక్కడ పుట్టిందో చెప్పగలను. పది రోజుల కిందట, పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కాను. తలుపుకు ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి చదువుతోంది. పుస్తకానికి న్యూస్‌పేపరుతో అట్ట వేసింది. పేరు కనబడలేదు గానీ, లోపలివి తెలుగు అక్షరాలని తెలిసింది. ఒక చోట ఆగింది. పేజీల మధ్య వేలు ఉంచి పుస్తకం మూసి, కిటికీలోంచి చూసింది. ఆ చూపు బయట ఉన్న దేని మీదా లేదు. లోపల ఎవరికో ఏదో అయింది, అది తట్టుకోవడానికి ఆమెకు ఒక స్టేషను దూరం కావాలి. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు అది నాది. దిగేటప్పుడు నా గొంతు పట్టేసినట్టయింది. అసూయ అనే మాట చిన్నది దానికి.

అందుకే ఆషాఢం కోసం ఎదురుచూశాను. మనవాళ్ళు శూన్యమాసం అంటారు దాన్ని. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, శుభలేఖలు రావు. కొత్త కోడళ్ళు పుట్టింటికి పోతారు. ముహూర్తాలు లేని ముప్పై రోజులు. ఆ ఖాళీని ఎవరు నీకోసం ఉంచారో గానీ, నవలా, నీకంటే తగినవాళ్ళు కనబడరు. వాన మొదలవుతుంది, పొద్దు తొందరగా మసకబారుతుంది, గోధుమరంగు పేజీ మీద పసుపు దీపం పడుతుంది. నెల నడుమ లష్కర్ బోనాలు. మా సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అనే పిలుచుకుంటాం. దండు దిగిన చోటు గనక ఆ పేరు. ఉజ్జయిని మహంకాళి గుడి వైపు డప్పులు పోతుంటే, రెండు అధ్యాయాల మధ్య లేచి వెళ్ళి దండం పెట్టుకుని రావచ్చు.

ఏ పుస్తకం ముందు? బీరువా ముందు పీట వేసుకుని కూర్చున్నాను. చేయి తిన్నగా ‘వేయిపడగలు’ మీదికి పోయింది. పెద్ద గాయానికి పెద్ద మందు అనిపించింది కాబోలు. విశ్వనాథవారు ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకుపోయారని, ఇరవై తొమ్మిది రోజుల్లో అంత గ్రంథమూ అయిందని చెప్పుకుంటారు. నెలలో చెప్పింది నెలలో చదవలేనా? రెండు చేతులా దించాను.

వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. “ఏమే, తొమ్మిది నెలలు లంఖణం చేసినదానివి, మొదటి ముద్దే గారెలా?”

అమ్మకు డెబ్భై ఆరేళ్ళు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం చేసినన్నాళ్ళూ అద్దెకు నవలలు తెచ్చుకుని చదివిన మనిషి. రోజుకింత అని అద్దె. రేపు పొద్దున తిరిగివ్వకపోతే ఇంకో రోజు లెక్క. అందుకని రాత్రి వంటిల్లు సర్దాక పొయ్యి పక్కనే కూర్చుని, తెల్లవారేలోపు ముగించేది. చదవడం గురించి ఆమె మాట నాకు వైద్యుడి మాట.

“జ్వరం తగ్గినవాళ్ళకు ముందు జావ. తర్వాత చారన్నం. అరిగిందని తెలిశాక అన్నీ. సన్నది పట్టుకో. కానీ సన్నదని చప్పిడిది పట్టుకోకు.”

వేయిపడగలు పైఅరలోకి తిరిగి వెళ్ళింది. కార్తీకం దాకా అక్కడే ఉంటుంది, చలిలో.

సన్నది, చప్పిడి కానిది. నా వేలు కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ వెన్ను మీద ఆగింది. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు రాసిన నవల. ఒక్క రాత్రి కథ. ఒక ముసలివాడు, అడవిలో ఈనిన పంది, దాని పిల్లలు, చీకటి. అంతే మనుషులు, అంతే వస్తువులు. చదవడం మరిచిపోయినవాళ్ళకు ఇంతకంటే మంచి పథ్యం నాకు తోచదు. గుర్తుపెట్టుకోవలసిన పేర్లు లేవు, దాటవలసిన తరాలు లేవు, ముసలివాడి వెనకే నడిస్తే చాలు. అలా నడుస్తుంటే రాత్రి ఎంత పెద్దదో కాళ్ళకు తెలుస్తుంది.

రాత్రి ఒకటి దొరికింది గనక దానికి జతగా ఒక పగలు కావాలనిపించింది. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ తీశాను. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రవి అనే కుర్రవాడి ఒక్క రోజు. దొంగరి మల్లయ్యగారు నవీన్ అయ్యారు, నవల పేరు ఆయన ఇంటిపేరై కూర్చుంది. ఒక పుస్తకం తన రచయితకు మళ్ళీ నామకరణం చేయడం ఎంత అపురూపం! దీన్ని ఇంట్లో చదవను. సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ ఎక్కి, ఆర్ట్స్ కాలేజ్ స్టేషను మీదుగా పోతూ చదువుతాను. రవి నడిచిన నేల కిటికీ అవతల కదులుతుండగా అతని ఆకలి, అతని దిగులు నా ఒళ్ళో తెరిచి ఉంటాయి. నలభై మూడో పేజీలోని ఆ పాత టికెట్టును దీన్లోకి మార్చాను.

నవలా, నీ పేరు తలుచుకుంటే కూడా నాకు ఇష్టంగా ఉంటుంది. 1878లో ‘రాజశేఖర చరిత్రము’ రాసినప్పుడు కందుకూరి వీరేశలింగం నిన్ను వచన ప్రబంధం అన్నాడు. నవల అనే మాట తర్వాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఇచ్చింది. పరాయి మాట నవలగా మారి మన ఇంట్లోకి వచ్చేసరికి, ఇక్కడ అదే పేరుతో ఒకామె ముందే ఉంది. పాత తెలుగులో నవల అంటే స్త్రీ. ఇద్దరూ కలిసిపోయారు. పొయ్యి పక్కన అమ్మ అద్దె పుస్తకం చదువుతున్న దృశ్యం తలచుకున్నప్పుడల్లా ఇద్దరు నవలలు ఎదురెదురుగా కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

ఇప్పుడు ‘ప్రజల మనిషి’. దీన్ని దించేటప్పుడు కాస్త ఒద్దికగా కూర్చున్నాను.

ఎందుకంటే ఇది ఈ వీధుల్లో నడిచిన మనిషి పుస్తకం. వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, ఇళ్ళల్లో వంట చేసి, హోటల్లో పనిచేసి, అక్షరం సంపాదించుకున్నవాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. నిజాం రాజ్యం, తెలుగు చదువుకు బడులే కరువు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1905లో ఇక్కడ సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిసినా, పుస్తకం దగ్గరికి రాలేనివాళ్ళు వేలమంది. వాళ్ళ దగ్గరికి పుస్తకమే వెళ్ళాలనుకున్నాడు ఆయన. అచ్చు వేయించాడు, సంచిలో వేసుకున్నాడు, భుజాన తగిలించుకుని గడపగడపకూ తిరిగాడు. గ్రంథమాల పెట్టినవాడూ ఆయనే, ప్రచురించినవాడూ ఆయనే, మోసినవాడూ ఆయనే.

ఆ బరువు గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. పుస్తకం ఒక్కటైతే చేతిలో పువ్వు, ముప్పై అయితే ఇటుకల మూట. మిట్ట మధ్యాహ్నం ఈ ఎగుడుదిగుడు నేల మీద, పని మానుకుని తలుపు తీసిన ఇల్లాలికి, ప్రెస్సు కార్మికుడికి, చదువు రానివాడి పక్కన చదివి వినిపించే కుర్రవాడికి ఆ మూట విప్పి చూపించాడు. ఇవాళ నేను బీరువా ముందు పీట వేసుకుని ఇది, అది అని ఏరుకుంటున్నానే, ఈ ఏరుకునే భాగ్యం ఈ ఊళ్ళో ఒకరి భుజం నొప్పిలోంచి వచ్చింది. తొమ్మిది నెలలు తలుపు తీయనందుకు ఎవరికైనా క్షమాపణ చెప్పుకోవాలంటే ఆయనకే.

జైలుకు కూడా వెళ్ళాడు. నిజామాబాద్ జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య తోడు. దాశరథి తర్వాత తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితం ఇచ్చాడు. పుస్తకాలు మోసి అమ్మినవాడు చివరికి తనే నవల రాశాడు. దిమ్మెగూడెం అనే ఊరు, దొర రామభూపాలరావు, ఎదురు నిలిచే కంఠీరవం. తెలంగాణ పల్లె తన గొంతుతో తను నవలలోకి నడిచి వచ్చిన తొలి అడుగుల్లో ఇదొకటి. ‘గంగు’ అని రెండోది మొదలుపెట్టి, పూర్తి కాకుండానే 1961లో, యాభై ఏళ్ళు నిండకముందే, వెళ్ళిపోయాడు.

ఆగిన చోట ఆగిపోలేదు కథ. దాశరథి తమ్ముడు రంగాచార్య ఆ దారి అందుకున్నాడు. ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగు పూలు’, ‘జనపదం’ అలా వచ్చినవే. ఆయన కూడా మన ఊరి మనిషే, సికింద్రాబాద్ పురపాలక సంస్థలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేశాడు. పగలు ఫైళ్ళు, ఆ పైన గడీల చీకటి, వెట్టి, ఆడబాపల కన్నీళ్ళు. ‘చిల్లర దేవుళ్ళు’లో, సంగీతం నేర్పి బతుకుదామని వచ్చిన సారంగపాణి కళ్ళతో ఒక పల్లెను చూపించిన తీరు, ఇరవై ఏళ్ళ కిందట చదివినా, ఇంకా నా ఒంటి మీద ఉంది. మళ్ళీ చదవడం కొత్తది చదవకపోవడం అవుతుందా అని సందేహించాను. అవదు. అప్పుడు నేను సారంగపాణి వయసు దాన్ని, ఇప్పుడు ఇంకెవరి పక్కన నిలబడతానో చూడాలి. ప్రజల మనిషి కింద చిల్లర దేవుళ్ళు పెట్టాను. అన్నం వెంట పప్పులా.

“మగవాళ్ళేనా అందరూ?” అని అమ్మ.

తన ట్రంకుపెట్టె తెరిచింది. పైన చీరలు, కింద సీరియళ్ళు. వారపత్రికల్లోంచి వారం వారం చింపి, వరసగా పేర్చి, గోనె కుట్టే సూదితో, దారంతో తనే బైండు చేసుకున్న కట్టలు. ఇక్కడి నుంచే వెలువడిన ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’ వస్తున్న రోజుల్లో నాన్న డ్యూటీ దిగి స్టేషను దగ్గర పుస్తకం కొనుక్కొచ్చేవాడట, దారిలో తను చదివేసి, ఏమైందో చెప్పకుండా నవ్వుతూ అమ్మకు ఇచ్చేవాడట. చివరి వారం పేజీలు రెండు లేవు ఆ కట్టలో. పక్కింటి ఆమె తీసుకెళ్ళి ఇవ్వలేదని నలభై ఏళ్ళ తర్వాత కూడా అమ్మ కళ్ళలో బాధ.

వాటి అడుగు నుంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ‘కాలాతీత వ్యక్తులు’. డాక్టర్ పి. శ్రీదేవి. గోరాశాస్త్రి నడిపిన ‘తెలుగు స్వతంత్ర’లో 1957లో మొదలైన సీరియల్. ఆ గోరాశాస్త్రే తర్వాత ఆంధ్రభూమి దినపత్రికకు సంపాదకుడై ఈ ఊరొచ్చాడు. శ్రీదేవి రాసిన నవల ఈ ఒక్కటే. ఆమె కూడా 1961లోనే పోయింది, చిన్న వయసులోనే. కానీ ఇందిర పోలేదు. ఎవరి మెప్పు కోసమూ తలవంచని, ఎవరి జాలీ అడగని, తన బతుకు తనే మోసుకునే ఇందిర.

“నీ పెళ్ళికి ముందు చదివించాలనుకున్నాను,” అంది అమ్మ. “నువ్వప్పుడు పరీక్షలన్నావు.”

నా దగ్గర వేరే ప్రతి ఉంది, చదివాను కూడా. ఆ మాట చెప్పలేదు. అమ్మ ప్రతి అంచుల్లో పెన్సిల్ గీతలున్నాయి. ఇందిర మాట్లాడిన చోటల్లా ఒక నిలువు గీత. ఈసారి ఆ గీతల్ని చదువుతాను.

పీట పక్కన ఐదు పుస్తకాలయ్యాయి. నాలుగు వారాలకు ఐదు ఎక్కువో తక్కువో లెక్క వేయలేదు. గుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచాను. చెదలు తొలిచిన సన్నని దారి ఒకటి అంపశయ్య అట్ట మీద నదిలా ఉంది. పంచాంగం చూస్తే పాడ్యమి ఇంకా మూడు రోజులు. అందాకా ఆగుదామనుకున్నాను.

సాయంత్రం వాన పడింది. మెట్టుగూడ వైపు నుంచి ఇంజను కూత తడిసి వచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది. అమ్మ చారుకు పోపు పెడుతోంది. పై పుస్తకం చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు.

పొద్దుగుంకుతోంది అక్కడ. ముసలివాడు బయలుదేరాడు. చెట్లు దగ్గర పడుతున్నాయి. అమ్మ అన్నానికి పిలిచింది. విన్నాను, పుస్తకం మూయలేదు. ఆమె రెండోసారి పిలవలేదు. కాసేపటికి కంచం తెచ్చి నా పక్కన పెట్టి, దీపం కొంచెం ఇటు జరిపి వెళ్ళింది.