గాబ్రియేల్ పెరి: త్యాగమూర్తి రచనను ఎలా చదవాలి?

నమ్మిన సిద్ధాంతం కోసం ప్రాణమిచ్చిన రచయితలో లోపం ఎంచడానికి మనకు నోరు రాదు. ఆ సంకోచం సహజమే. అయితే విమర్శ అక్కడే ఆగిపోవచ్చునా? ఫ్రెంచి పాత్రికేయుడు గాబ్రియేల్ పెరిని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

పెరి 1902లో తూలోన్‌లో జన్మించారు. కమ్యూనిస్టు దినపత్రిక 'లుమానితె'లో విదేశీ వ్యవహారాల విభాగాన్ని నడిపారు. 1932లోను, 1936లోను పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఫ్రాన్స్ జర్మన్ల ఆక్రమణలో ఉండగా 1941 మే నెలలో ఫ్రెంచి పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. అదే సంవత్సరం డిసెంబరు 15న పారిస్ పొలిమేరలోని మోం వలేరియన్ కోటలో జర్మన్లు ఆయనను కాల్చి చంపారు.

పాత్రికేయుడిగా పెరి బలం ఏమిటి? విడివిడిగా కనిపించే సంఘటనల మధ్య సంబంధాన్ని చూపడం. ఇథియోపియా, స్పెయిన్, చెకొస్లొవాకియా సంక్షోభాలు ఆయన దృష్టిలో ఒకే గొలుసులోని లింకులు. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో శాంతి దక్కిందని ఎందరో సంబరపడినప్పుడు ఆయన దానిని వ్యతిరేకించారు. ఏడాది తిరగకముందే యుద్ధం వచ్చింది.

ఇక రెండో వైపు చూడండి. ఆయన పనిచేసిన అదే పత్రిక స్టాలిన్ కాలపు మాస్కో విచారణలను సమర్థించింది. హిట్లర్ విషయంలో అంత నిశితంగా చూసిన పత్రికకు తన పక్షపు అన్యాయం కనిపించలేదు. మరణశిక్షకు ముందు రాసిన లేఖలో పెరి తన ఆదర్శానికి కట్టుబడే ఉన్నానని చెప్పారు. 'పాడే రేపటి రోజులు' అన్న భావాన్ని మిత్రుడు వైయాం కుతూరియేదిగా పేర్కొంటూ తలచుకున్నారు. 1947లో వెలువడిన ఆయన ఆత్మకథకు ఆ మాటే శీర్షిక అయింది. లూయీ అరగాన్ కవిత్వం ఆయనను ప్రతిరోధానికి ప్రతీకగా నిలిపింది. క్రమంగా వ్యాసకర్త మరుగున పడి, అమరవీరుడు మిగిలాడు.

ఇక్కడ మీరు రెండు విషయాలను వేరు చేసి చూడాలి. మరణం ఒక వ్యక్తి నిజాయితీకి సాక్ష్యం కాగలదు. ఆయన అభిప్రాయాలు సరైనవని అది రుజువు చేయదు. అలాగే, అభిప్రాయంలో పొరపాటు ఉన్నంత మాత్రాన త్యాగం విలువ తగ్గదు. పెరి వాక్యాన్ని వాక్యంగా తూచి చూడటమే పాత్రికేయుడికి మనమిచ్చే గౌరవం. కేవలం దండ వేసి ఊరుకుంటే ఆయనను చదవనట్టే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీరు అభిమానించే ఒక త్యాగమూర్తి రచనను తీసుకొని, అందులో మీరు అంగీకరించని ఒక అంశాన్ని కారణాలతో పది వాక్యాల్లో చర్చించండి.