పెన్నేరుకు అరువు పేరు

అశ్వగంధ చూర్ణము, మాత్రలు అమ్ము సీసాల మీద "ఇండియన్ జిన్‌సెంగ్" అను మాట తరచుగా కనబడుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ నుండి మూసారాంబాగ్ వరకు గల మందుల దుకాణములలో దేనికి వెళ్లినను ఇట్టి సీసా ఒకటి చూడవచ్చును. అమ్మువాడు తన సరుకునకు ఆకర్షణీయమైన పేరు పెట్టుకొనుట వింత కాదు. కాని ఆ మాట సీసాను దాటి జనరంజక విజ్ఞాన వ్యాసములలోనికి, ఔషధ మొక్కల తోటలలోని పలకల మీదికి, విద్యార్థుల ప్రాజెక్టు పుస్తకములలోనికి వచ్చి స్థిరపడినది. శాస్త్రము చెప్పవలసిన చోట వ్యాపారపు పేరును ఉంచుట తగునా అనునదే ఇచ్చటి ప్రశ్న. తగదని నా అభిప్రాయము. ఆ పేరు వృక్షశాస్త్రమునకు సరిపడదు, రసాయనశాస్త్రమునకు సరిపడదు. వైద్యమునకు వచ్చుసరికి అపాయమునకు దారితీయుటయు కలదు.

ముందుగా అసలు జిన్‌సెంగ్ అననేమో చూతము. చైనా భాషలో ఈ పేరునకు "మనిషి వేరు" అని అర్థము. చీలిన వేరు కాళ్లు చేతులు గల బొమ్మవలె ఉండుటచే ఈ పేరు వచ్చినది. కొరియాలో దీనిని ఇన్‌సామ్ అందురు. శాస్త్రనామము పానాక్స్ జిన్‌సెంగ్, కుటుంబము అరేలియేసి. ఇది పొద కాదు, చలికాలములో పైభాగము ఎండి మరల వసంతమున చిగుర్చు చిన్న గుల్మము. వేరు పక్వమగుటకు నాలుగు నుండి ఆరేండ్లు పట్టును. ఇందలి ముఖ్య పదార్థములు జిన్‌సెనోసైడులు. ఇవి సాపోనిన్ల జాతికి చెందినవి. మన కుంకుడుకాయలో నురుగును పుట్టించునవియు సాపోనిన్లే గనుక విద్యార్థులకు ఈ మాట క్రొత్త కాదు. వీటి నిర్మాణములను 1960 తరువాతి దశకములో జపాను రసాయనవేత్త షిబాతా, ఆయన సహచరులు విశదపరచిరి.

ఈ వేరు పేరును మొదట అరువు తెచ్చుకొన్న ప్రసిద్ధ మొక్కలలో ఒకటి కొరియా, ఈశాన్య చైనా, రష్యా తూర్పుతీరము, జపానులోని హొక్కయిదో ద్వీపము, ఈ ప్రాంతముల అడవులలో పెరుగు ఒక ముండ్లపొద. శాస్త్రనామము ఎల్యూథెరోకాకస్ సెంటికోసస్. కొరియావారు గాసి-ఓగాల్పి అందురు. "గాసి" అనగా ముల్లు; "ఓ" అనగా అయిదు. ఈ రెండు ముక్కలలోనే మొక్క వర్ణన సగము ఉన్నది. లేత కొమ్మల నిండ సన్నని సూదులవంటి ముండ్లు క్రిందికి వంగి ఉండును. ఒక తొడిమ చివర అరచేతి వ్రేళ్లవలె సామాన్యముగా అయిదు పత్రకములు ఏర్పడును. దీనినే మనము హస్తాకార సంయుక్త పత్రమని పాఠములో చెప్పుదుము. చిన్న పూలు గుండ్రని గుచ్ఛములుగా పూయును. అండాశయము నిమ్నము, అనగా మిగిలిన పుష్పభాగములకు దిగువన ఉండును. కాయలు పండి నల్లబడును. చూడుడు, ఎంత పొందికయైన పేరు! పల్లెవాడు పెట్టిన పేరు చెట్టును చూచి పెట్టినది. అట్టి పొదను సోవియట్ దేశములో విరివిగా వాడుక చేసిన పిమ్మట పాశ్చాత్య విపణిలో "సైబీరియన్ జిన్‌సెంగ్" అని అమ్మిరి. కుటుంబము ఒక్కటే యగుటచే ఈ పేరు కొంత నయమని తోచవచ్చును. కాని కొత్తిమీర, జీలకర్ర ఒకే కుటుంబమునకు చెందినవి గదా అని కొత్తిమీరను ఎవరైన పచ్చి జీలకర్ర అందురా?

రసాయన విషయములో తేడా మరింత స్పష్టము. ఈ పొదలో జిన్‌సెనోసైడులు లేవు. ఉన్నవాటికి పరిశోధకులు ఎల్యూథెరోసైడులని పేరిడి ఎ, బి, బి1, సి, డి, ఇ అని వరుస సంఖ్యలవలె అక్షరములు తగిలించిరి. ఈ నామకరణమును కూడ కొంత విమర్శింపక తప్పదు. ఒకే పేరు, వరుస అక్షరములు చూడగానే ఇవన్నియు ఒకే రసాయన కుటుంబమునకు చెందిన అన్నదమ్ములని విద్యార్థి అనుకొనును. నిజమునకు ఇవి ఒకే ఊరిలో కాపురమున్న వేర్వేరు కులగోత్రములవారు. ఎ అనునది బీటా-సిటోస్టెరాల్ గ్లూకోసైడు. లెక్కలేనన్ని మొక్కలలో ఉండును. బి అనునది సిరింజిన్. ఐరోపాలోని లైలాక్ చెట్టు బెరడునుండి చాలకాలము క్రిందటనే తెలిసినది. బి1 కూమరిన్ తరగతికి చెందినది. సి అనునది గాలక్టోజు చక్కెరకు ఇథైల్ సమూహము చేరగా ఏర్పడినది. డి, ఇ లు లిగ్నాన్లు. ఇందులో మన చదువరులకు వినోదము కలిగించు విషయము ఒకటి కలదు. సిరింజిన్ మన తిప్పతీగ కాండములోను ఉన్నది. ఒక్క పదార్థము కలిసినంతనే పేరు పంచుకొనవచ్చుననిన, కంచెల మీద ప్రాకు తిప్పతీగ కూడ సైబీరియన్ జిన్‌సెంగే కావలెను!

పేరు తారుమారైన జరుగు అనర్థమునకు ఒక ప్రసిద్ధ ఉదాహరణము కలదు. 1990లో కెనడాలోని టొరంటో వైద్యులు అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఒక శిశువును గూర్చి వ్రాసిరి. తల్లి గర్భిణిగా ఉండగా సైబీరియన్ జిన్‌సెంగ్ అను పేరుగల మాత్రలు వాడెను. శిశువునకు నుదుటి మీదను శరీరము మీదను అసాధారణముగా నల్లని రోమములు మొలిచియుండెను. వెంటనే ఈ కొరియా పొద పురుష హార్మోను లక్షణములు గలదని నింద పడినది. మరుసటి యేడు కెనడా ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు డెనిస్ అవాంగ్ ఆ సరుకును విచారించి, అది ఈ పొదయే కాదనియు, పెరిప్లోకా సెపియం అను తీగ బెరడై యుండుననియు తేల్చెను. చైనా మూలికల వర్తకములో "వూ జ్యా పీ" అను పేరు రెండు బెరడులకును చెల్లుచున్నది. అదియే తప్పునకు మూలము. తరువాత ఎలుకల మీద జరిపిన పరీక్షలలో ఆ తీగకు గూడ పురుష హార్మోను గుణము కనబడలేదు. కాని పెరిప్లోకా గన్నేరు కుటుంబమునకు చెందినది. గన్నేరులోవలెనే దీని బెరడులోను గుండె మీద పనిచేయు గ్లైకోసైడులున్నవి. గర్భిణి ఏమి తినుచున్నదో ఆమెకు గాని, అమ్మినవారికి గాని, మొదట వ్రాసిన వైద్యులకు గాని తెలియలేదు. మందు పని చేయునా లేదా అను చర్చ అంతయు మందు ఏదో తెలిసిన తరువాతి మాట.

2002లో అమెరికా వ్యవసాయ చట్టము ఒక నియమము చేసినది: పానాక్స్ ప్రజాతికి చెందిన మొక్కలకు తప్ప మరి దేనికిని జిన్‌సెంగ్ అను వాడుక పేరు చెల్లదు. నాటినుండి కొరియా పొదను అచ్చట "ఎల్యూథెరో" అని అమ్ముచున్నారు. దగ్గర చుట్టమైన ఆ పొదకే దక్కని పేరును మనము, ఏ చుట్టరికమును లేని పెన్నేరునకు తగిలించి గర్వపడుచున్నాము.

ఇక పెన్నేరు సంగతి. తెలుగులో పెన్నేరు, పెన్నేరుగడ్డ, దొమ్మడోలు అను పేర్లు గల ఈ చిన్న పొద శాస్త్రనామము వితానియా సోమ్నిఫెరా. "సోమ్నిఫెరా" అనగా నిద్రను తెచ్చునది. పచ్చివేరు గుఱ్ఱపు వాసన వేయుటచే సంస్కృతమున అశ్వగంధ యైనది. కుటుంబము సొలనేసి, వంగ, టమాట, మిరప, ఉమ్మెత్త దీని బంధువులు. ఆకులు సరళపత్రములు, సంయుక్తములు కావు. భూతద్దములో చూచినచో ఆకు మీద నక్షత్రములవలె శాఖలు గల నూగు కనబడును. ఆకు పంగలలో పసుపు కలిసిన ఆకుపచ్చని చిన్న పూలు గుంపుగా పూయును. అండాశయము ఊర్ధ్వము, రెండు ఫలదళములు కలది. కాయ ఎదుగుచుండగా రక్షక పత్రావళి రాలిపోక ఉబ్బి, పలుచని కాగితపు సంచివలె దానిని కప్పివేయును. ఆ సంచి చింపినచో లోపల ఎఱ్ఱని గుండ్రని మృదుఫలము, దాని నిండ చిన్న గింజలు. జిన్‌సెంగ్‌తో గాని, కొరియా పొదతో గాని దీనికి పోలిక ఏ అవయవములో ఉన్నదో నాకు కనబడలేదు. సాగులోను అంతే. రాయలసీమలో అనంతపురము ప్రాంతపు రైతులు వర్షము తక్కువగల నేలలలో దీనిని పండింతురు. అయిదారు నెలలకు వేరు త్రవ్వుదురు. బోడుప్పల్‌లో గల సీమాప్ పరిశోధన కేంద్రము ఈ రాష్ట్రముల రైతులకు ఔషధ మొక్కల సాగు నేర్పుచున్నది. చలిదేశపు అడవి నీడలో ఆరేండ్లు పెరుగు వేరునకును, ఎండ నేలలో ఆరు నెలలకు చేతికివచ్చు వేరునకును ఒకే పేరా?

పెన్నేరులోని ముఖ్య పదార్థములు వితనోలైడులు. ఇవి 28 కార్బన్ పరమాణువులు గల స్టెరాయిడు లాక్టోనులు. స్టెరాయిడు అనగా కొలెస్టెరాల్‌లో ఉన్నట్టి నాలుగు వలయముల చట్రము. లాక్టోను అనగా ఒకే అణువులోని ఆమ్ల సమూహమును ఆల్కహాలు సమూహమును కలిసి ఏర్పడిన వలయము. వీటిలో పేరుపొందినది వితఫెరిన్-ఎ. ఇందు 28 కార్బన్, 38 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు కలవు. అణుభారము సుమారు 470. దీని నిర్మాణమును 1965లో ఇజ్రాయెల్‌లో లావీ, ఆయన సహచరులు నిర్ణయించిరి. జిన్‌సెంగ్‌లోని జిన్‌సెనోసైడు ఆర్‌బి1 నాలుగు చక్కెర భాగములను మోయుచున్న పెద్ద అణువు; అణుభారము 1100 దాటును. కొరియా పొదలోని సిరింజిన్ అణుభారము 372 మాత్రమే. మూడింటికి మూడు వేర్వేరు చట్రములు. ఇవి గాక పెన్నేరు వేరులో అనఫెరిన్, కస్కోహైగ్రిన్, ట్రోపిన్ మున్నగు ఆల్కలాయిడులున్నవి. ఇవి సొలనేసి కుటుంబపు ముద్ర.

దీనికి ఒక సమాధానము చెప్పుదురు: "మేము పోల్చునది మొక్కను కాదు, పనిని. రెండును ఒత్తిడిని తట్టుకొను శక్తి నిచ్చును, రెండును అడాప్టొజెన్లు." ఈ మాటను 1947లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లాజరెవ్ ప్రవేశపెట్టెను, బ్రెఖ్‌మన్ దానిని జిన్‌సెంగ్‌నకు, ఎల్యూథెరోకాకస్‌నకు వర్తింపజేసెను. వినుటకు ఇంపుగా ఉన్నను, ఫలానా కొలత ఇంత మారినచో అడాప్టొజెన్ అనవచ్చునని అందరు అంగీకరించిన హద్దు లేదు. హద్దు లేని పదములో ఏ మొక్కనైనను చేర్చవచ్చును. చేర్చుచునే ఉన్నారు: పెరూ జిన్‌సెంగ్ అను మాకా ఆవాల కుటుంబమునకు, బ్రెజిల్ జిన్‌సెంగ్ అను ఫాఫియా తోటకూర కుటుంబమునకు చెందినవి. మన పెన్నేరు వంకాయ కుటుంబము. కూర, తాలింపు రెండును సిద్ధమైనవి!

పెన్నేరు గుణమును పెన్నేరు మీదనే పరీక్షింపవలెను. అట్టి పరీక్ష మన నగరములోనే జరిగినది. 2012లో హైదరాబాదులోని ఆశా ఆస్పత్రి వైద్యులు, మానసిక ఒత్తిడిగల 64 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టునకు వేరు సారమును 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుమార్లు, మరియొక జట్టునకు ఉత్తుత్తి మాత్రలను 60 దినములిచ్చి ఫలితములు ప్రకటించిరి. సారము పుచ్చుకొన్నవారిలో ఒత్తిడి లక్షణములును, రక్తములోని కార్టిసాల్ అను హార్మోనును తగ్గినట్లు కనుగొనిరి. ఇది ఆదరింపవలసిన పని. కాని 64 మంది, 60 దినములు అను అంకెలను మరువరాదు. ఏండ్ల తరబడి వాడినవారి సంగతి ఈ పరీక్ష చెప్పదు. ఈ ఫలితమునకు కొరియా వేరుతో సంబంధము లేదు. ఆ వేరునకు వేల సంవత్సరములుగా వచ్చిన కీర్తి దీని ఖాతాలో జమ కాదు.

అరువు పేరు వలన మరొక నష్టము కలదు. అది మొక్కలోని ఏ భాగమో చెప్పదు. ఆయుర్వేదములో అశ్వగంధ అనగా ప్రధానముగా వేరు. వితఫెరిన్-ఎ వేరులో కంటె ఆకులో హెచ్చుగా ఉండును. ఆకు చవుక కూడ. కావున కొందరు ఆకు సారమును వాడసాగిరి. ఈ కారణముననే 2021 అక్టోబరులో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ, ఉత్పత్తిదారులు ఆకును వాడక వేరునే వాడవలెనని సలహాపత్రము వెలువరించినది. వితఫెరిన్-ఎ కణములను చంపగల పదార్థము. గాజుపాత్రలో క్యాన్సరు కణములను చంపెనని పత్రికలు సంబరముగా వ్రాయునది ఈ గుణమునే. గాజుపాత్రలోని కణమునకును మనిషికిని గల దూరమును అవి వ్రాయవు. 2020లో ఐస్‌లాండు, అమెరికా వైద్యులు, అశ్వగంధ మాత్రలు వాడిన అయిదుగురికి కాలేయము దెబ్బతిని కామెర్లు వచ్చిన సంగతి ప్రకటించిరి. అందరును కోలుకొనిరి. అయిదుగురిని చూచి వేరునే నిందించుట తొందరపాటు. కాని "జిన్‌సెంగ్ వంటిదే గదా" అను ధీమాతో వాడుట అంతకంటె తొందరపాటు.

ఊళ్ల పేర్లు మారుట వేరు. నిజాము కొలువులో ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండ్ దొరను జనులు మూసా రామ్ అని పిలువగా, ఆ పేరుననే మన మూసారాంబాగ్ ఏర్పడినది. దాని వలన ఎవరికిని హాని లేదు. ఉత్తరములు సరిగనే చేరుచున్నవి. మందు చీటీ మీది పేరునకు ఆ స్వేచ్ఛ లేదు. దాని మీద శాస్త్రనామము, మొక్క భాగము, వితనోలైడుల పరిమాణము, ఈ మూడును ఉండవలెను. పాఠశాల తోటలోని పలక మీద మొదటి రెండును, "పెన్నేరు" అను తెలుగు మాటయు చాలును.

ఉపాధ్యాయులు ఈ భేదమును పుస్తకము లేకుండనే చూపవచ్చును. కొరియా పొద మనకు దొరకదు గాని, దాని కుటుంబమునకు చెందిన షెఫ్లెరా నగరములోని నర్సరీలలో కుండీలలో దొరకును. ఆ కుండీని, వేరుతో పెకలించిన పెన్నేరు మొక్కను ఒకే బల్ల మీద ఉంచి, షెఫ్లెరా ఆకు ఒక్కదానిలో ఎన్ని పత్రకములున్నవో పిల్లలచేత లెక్కపెట్టింపుడు. పిదప పెన్నేరు కాయ మీది సంచిని గోటితో చీల్చమనుడు. ప్రక్కనే ఒక టమాటాను అడ్డముగా కోసి పెట్టినచో గింజల అమరిక చూచి చుట్టరికమును వారే చెప్పగలరు.