అరిగిన ప్లేటును చదువుట

మిరప సీజనులో గుంటూరు యార్డు వాకిట బస్తాల బండ్లు బారులు తీరి, అడుగడుగునకు ఆగుచు, అడుగడుగునకు కదలుచు గంటలకొలది నిలిచియుండు వేళ, డ్రైవరుల ఎడమకాలు పెడలుమీదనే విశ్రమించుచుండుటచేత మిక్కిలి నలుగునది టైరు కాదు, బ్రేకు కాదు, కంటికి కానరాని క్లచ్చు ప్లేటు. ఇంజను గోలపెట్టుచుండగా బండి మాత్రము గట్టెక్కలేక వెనుకాడుటయు, మాడువాసన క్యాబినులోనికి వచ్చుటయు మొదలైనచో దాని ఆయువు తీరవచ్చినదని అనుమానింపవలసినదే. ఐనను పెడలు ఆట సరిచూడకయే గేరుబాక్సు దింపుట తొందరపాటు.

మా ఇంట నున్నది టెల్కోవారు 1988లో వెలువరించిన టాటామొబైల్ జాతి పికప్పు. దాని క్లచ్చును షెడ్డునకు అప్పగింపక ఇంటి వాకిటనే మార్చుటలో పైకము కొంత మిగులునన్నది నిజమే గాని, నా దృష్టిలో అది ముఖ్యము కాదు. షెడ్డులో పాత ప్లేటు ఊడినంతనే పాత ఇనుము కుప్పలో పడును. ఇంటనైతే దానిని చదువుటకు తీరిక కలదు.

చక్రములకు దిమ్మెలు అడ్డుపెట్టి, బ్యాటరీ తీగ విప్పి, జాకీని నమ్మక గట్టి స్టాండ్లపై బండిని నిలిపి, ప్రొపెల్లర్ షాఫ్టును, సెల్ఫు మోటారును తొలగించి, గేరుబాక్సును వెనుకకు జరుపుట వరకు జరుగు పని విస్తరించి వర్ణింపదగినది కాదు. కండబలమును, రెండవ మనిషియు ఉన్న చాలును. ధూళి విషయమున మాత్రము నిర్లక్ష్యము కూడదు. పాత ప్లేట్ల పూతలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ నార ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు కలిగింపగలదు గావున గాలికొట్టి ఊదక, తడిగుడ్డతో తుడిచి తీయవలయును.

ఇక ప్లేటు చేతికి వచ్చినది. "పాతది ఇంకా ఎందుకు చూస్తావు బావా, కాటాకి వేసెయ్" అని మా బావమరిది తొందరపెట్టుచునే యుండెను. కాని రెండు వైపుల పూతయు సమముగా అరిగి రివిట్ల తలలు బయటపడినచో అది న్యాయముగా వచ్చిన వార్ధక్యము. పూత నల్లబడి, జిడ్డుతో మెరయుచున్నచో నేరము ప్లేటుది కాదు. క్రాంకు వెనుక సీలో, గేరుబాక్సు ముందరి సీలో నూనె కార్చుచున్నది, దానిని మార్చక ఎంత వెలగల ప్లేటు బిగించినను కొలదికాలములో మరల జారకతప్పదు. మా ప్లేటు పొడిగానే యుండెను గాని, ఫ్లైవీలు ముఖమున నెమలికంఠమువలె నీలిమచ్చలును, వాని నడుమ వెండ్రుకవాసి పగుళ్లును కానవచ్చినవి. అది హాఫ్ క్లచ్చు వ్రాసిన వ్రాత. రిలీజ్ బేరింగును వ్రేళ్లతో త్రిప్పగా గరగర శబ్దము వినవచ్చెను. పెడలుమీద కాలు వదలని అలవాటునకు అది రెండవ సాక్ష్యము. అప్పటివరకు బండిని దోషిగా నిలిపిన మా బావమరిది, డ్రైవరు తానేయగుటచే, అటుపై మౌనము వహించెను.

ఫ్లైవీలును లేతు మీద తేర్పించి, క్రొత్త ప్రెషరు ప్లేటునకు తుప్పుపట్టకుండ పూసిన నూనెను కడిగి, ప్లేటును వైపు తప్పక నిలిపి, డమ్మీ షాఫ్టుతో నడిమికి తెచ్చి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలయును. నడిమి ఏమాత్రము తప్పినను గేరుబాక్సు షాఫ్టు లోనికి పోదు. బలవంతమున నెట్టినవాడు, లేదా గేరుబాక్సు బరువును షాఫ్టుమీద వ్రేలాడనిచ్చినవాడు క్రొత్త ప్లేటును బిగింపకమునుపే వంచుకొనును. పండ్లగాడులకు గ్రీజు పూయుట మంచిదే గాని లోభివలె పూయవలయును. ఎక్కువైనది తిరుగుడులో చిమ్మి పూతమీద పడును.

క్రొత్త పూత ఫ్లైవీలుతో ఒదుగువరకు తొలి కొన్ని వందల కిలోమీటర్లు తేలిక బరువులే తగును. మా బావమరిది మరునాడే ఇసుక తోలుదమనెను. పచ్చగడ్డి మోపులకు మించి ఏమియు వేయ వీలులేదని చెప్పి, తాళపుచెవి నాయొద్దనే ఉంచుకొంటిని.