ఆప్తవాక్యము - ఆకాశయానము

ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు ప్రమాణములను నాలుగుగా గణించిరి. మనము చూడని దానిని ఎదుటివాని మాటపై నమ్ముటకు ఆధారము వీనిలో కడపటిదగు శబ్దము. కాని ఎవరు పలికినను అది ప్రమాణము కానేరదు. ఉన్నది ఉన్నట్లు చెప్పు ఆప్తుని వాక్యమే ప్రమాణము. ఈ విషయమును బాలురకు సైతము సుబోధమగునట్లు ‘తర్కసంగ్రహము’న నిరూపించిన అన్నంభట్టు మన ఆంధ్రుడే. ఆప్తుడనగా పెద్దపదవిలో నున్నవాడని ఆయన చెప్పలేదు. ఈ చిన్న భేదమును లోకము మరచుచున్నది గనుకనే ఈ వ్యాసము వ్రాయవలసివచ్చినది.

గ్రహాంతరవాసులు తమను ఎత్తుకొనిపోయిరని చెప్పువారు పలుదేశములలో గలరు. వారు సామాన్యులైనప్పుడు జనులు నవ్వి ఊరకుందురు. దేశాధినేతలు, ప్రముఖులు చెప్పినప్పుడు మాత్రము, అంతటివారికి అబద్ధమాడ నవసరమేమి యని సందేహింతురు. రష్యాలోని కల్మీకియా గణరాజ్యమునకు 1993 నుండి 2010 వరకు అధినేతగా, ప్రపంచ చదరంగ సమాఖ్యయగు ఫిడేకు 1995 నుండి 2018 వరకు అధ్యక్షుడుగా నుండిన కిర్సాన్ ఇల్యుంజినోవ్ వృత్తాంతము ఇట్టిదే. 1997 సెప్టెంబరులో మాస్కోలోని తన నివాసమున నిద్రకుపక్రమించు వేళ పసుపుపచ్చని దుస్తులు ధరించిన వారు వచ్చి తన్ను వాహనముపై గొనిపోయిరని ఆయన చెప్పెను. 2010 ఏప్రిలులో వ్లదీమిర్ పోజ్నర్ టెలివిజన్ కార్యక్రమమున ఈ కథనే మరల వినిపింపగా, రాజ్యరహస్యము లేవైనను ఆ ఆగంతకులకు తెలిసెనేమో విచారింపుడని లెబెదెవ్ అను శాసనసభ్యుడు అధ్యక్షుడు మెద్వెదేవ్‌కు లేఖ వ్రాసెను.

ఈయన మనకు కేవలము పరదేశి కాడు. 2002లో ఫిడే ప్రపంచ కప్పు పోటీలు మన హైదరాబాదున జరిగి విశ్వనాథన్ ఆనంద్ విజేత అయినప్పుడు సమాఖ్య పగ్గములు ఈయన చేతిలోనే యుండెను. ఆ యేటనే మన కోనేరు హంపి గ్రాండ్‌మాస్టరు అయినది. మన బిడ్డలు ఆడు ఆటకు పెద్దయైన వాని మాటను విచారించు హక్కు మనకు గలదు.

మొదట సాక్ష్యమును చూతము. ఆయన తన డ్రైవరును, ఒక మంత్రిని, ఒక సహాయకుని సాక్షులుగా పేర్కొనెను. వారు ఉదయమున వచ్చి వెదకినప్పుడు తాను ఇంట లేననియు, పిమ్మట కనబడితిననియు ఆయన కథనము. దీనినంతయు నిజమనియే అనుకొందము. మనిషి ఇంట లేకుండుట యొక సంగతి, ఆకాశమున కేగుట వేరొక సంగతి. మొదటిదానికి ముగ్గురు సాక్షులున్నంత మాత్రమున రెండవదానికి ఒక్కడైనను ఉన్నట్లు కాదు. పైగా వారందరును ఆయన కొలువులోనివారే.

రెండవది, చెప్పిన మాటలోని విషయము. చదరంగము అంతరిక్షమునుండి వచ్చిన కానుక యని ఆయన పలుమారులు చెప్పెను. రథ గజ తురగ పదాతులతో కూడిన చతురంగమునుండి ఈ ఆట పుట్టినదని ఎరిగిన మనము దీనిని ఎట్లు అంగీకరింతుము? జపాను ప్రధానియైన హతోయమా సతీమణి మియుకి 2008లో ప్రకటించిన గ్రంథమున, తన దేహము నిద్రించుచుండగా ఆత్మ త్రిభుజాకార వాహనమున శుక్రగ్రహమున కేగినదనియు, అచట పచ్చదనము కనులపండువగా నున్నదనియు వ్రాసెను. శుక్రుని ఉపరితలమున వేడిమి సుమారు 460 డిగ్రీలు. సీసము కరగుటకు 328 డిగ్రీలు చాలును. అయినను ఆమె దేహముతో పోతినని చెప్పలేదు. దానిని స్వప్నవృత్తాంతముగా చదివినచో దోషము లేదు.

మూడవది, చూచినదానికిని ఊహించినదానికిని గల ఎడము. అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ 1969లో జార్జియా రాష్ట్రమున ఆకాశమందొక వింతవెలుగును చూచి, 1973లో గవర్నరుగా నున్నప్పుడు దానిని లిఖితపూర్వకముగా నివేదించెను. కాని అది పరలోకవాహనమని తాను నమ్మనని తరువాత స్పష్టపరచెను. చూచినంతవరకే చెప్పుట ఆప్తలక్షణము. 1971లో చంద్రునిపై నడచిన ఎడ్గార్ మిచెల్, గ్రహాంతరవాసుల సంగతిని ప్రభుత్వము దాచుచున్నదని గట్టిగా వాదించెను. తాను మాత్రము ఎవరిని చూడలేదని ఒప్పుకొనెను. చంద్రుని మట్టిని గూర్చి ఆయన ఆప్తుడు. ఈ విషయమున విన్నమాట చెప్పువాడు మాత్రమే.

ఇట్లనిన, వారందరు అసత్యవాదులా యని అడుగవచ్చును. కానక్కరలేదు. అమెరికాలోని హిల్ దంపతులు 1961లో తమకు జరిగినదని చెప్పిన అపహరణవృత్తాంతమును 1964లో వశీకరణనిద్రలో వినిన వైద్యుడు బెంజమిన్ సైమన్, వారిని కపటులనలేదు. భార్య స్వప్నములే ఆ కథకు మూలమని అభిప్రాయపడెను. హార్వర్డు మనస్తత్త్వవేత్త రిచర్డ్ మెక్‌నాలీ బృందము 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టివారు తమ అనుభవమును మరల వినునప్పుడు వారి గుండె నిజముగానే దడదడలాడినదని తేలినది. నమ్మకము గాఢమైనచో దేహము వణకును. దేహము వణకినంతనే సంగతి సత్యము కాదు. మేలుకొనియు కాలుసేతులు కదలక, ఎదపై ఎవరో కూర్చున్నట్లు, గదిలో ఎవరో తిరుగుచున్నట్లు తోచు నిద్రావస్థ యొకటి గలదని వైద్యులెరుగుదురు.

మన భివండిలో ఈ అవస్థ కొత్త కాదు. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వచ్చి రేయింబవళ్ళు సాంచాలు నడుపు మన కార్మికులలో, రాత్రిపాళి చేసి పగలు నిద్రించువారు, ‘దయ్యము గుండెలమీద కూర్చున్నది’ అని చెప్పుట మనము వినియేయున్నాము. నిద్ర వేళ తప్పినవారికి ఈ బాధ మెండు. అట్టివానికి కావలసినది నిద్ర, అవసరమైనచో వైద్యుడు. కాని వానిని భూతవైద్యుని యొద్దకు ఈడ్చుట కలదు. దయ్యమును వదలింతునని కొట్టుట, హింసించుట నేరమని మహారాష్ట్రము 2013లో చట్టము చేసినది. దానికై పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ ఆ యేడు ఆగస్టు 20న పుణెలో హత్యకు గురియయ్యెను. మాటను పరీక్షించుడని చెప్పుటకు ఆయన చెల్లించిన మూల్యమది.

ఒకే అనుభవము సాంచాల కార్మికుడు చెప్పిన దయ్యమగుట, రాష్ట్రాధినేత చెప్పిన గ్రహాంతరవాసి యగుట మాకు న్యాయముగా తోచదు. కార్మికునకు దెబ్బలు, అధినేతకు టెలివిజన్ ప్రసారము! ఇరువురకును ఒకే తులామానము ఉండవలెను.

మరియొక హెచ్చరిక. ఆకాశకథను విని నవ్వుటతో మన విధి తీరినదనుకొనరాదు. ఇల్యుంజినోవ్ 2010 సెప్టెంబరు ఎన్నికలో కార్పోవ్‌ను ఓడించి మరల అధ్యక్షుడయ్యెను. 2015 నవంబరులో అమెరికా ప్రభుత్వము ఆయనపై ఆంక్షలు విధించినది గ్రహాంతరవాసుల నిమిత్తము కాదు, సిరియా ప్రభుత్వముతో లావాదేవీల నిమిత్తము. నాయకుని వింతకథకంటె అతని లెక్కలు, ఒప్పందములు పరీక్షకు లొంగునవి. వినోదము వీనిని మరుగుపరచకుండ చూచుకొనుట సభ్యుల ధర్మము.

మనము నేతవారము. తాకాను కొనువాడు నేసినవాని పేరు విని తృప్తిపడడు. వెలుతురున విప్పి, పడుగును పేకను పరికించి, తెగిన పోగును వ్రేలితో చూపును. దానిని మనము అవమానముగా తలపము. మాటను పరికించుటయు అట్టిదే. పెద్దలను గౌరవింతము, వారి మాటను వెలుతురున విప్పి చూతము.